కర్ణికల నడుమ గోడలో కొవ్వు: స్కాన్ రిపోర్టు చివర కనిపించే ఒక వాక్యం

ఎడతెగని దగ్గుకో, ఆపరేషన్‌కు ముందు పరీక్షల్లో భాగంగానో, ఆయాసానికి కారణం తేల్చుకోవడానికో తీయించిన స్కాన్‌లో ఎవరూ వెతకని ఒక మాట కొన్నిసార్లు రిపోర్టు చివరన కనిపిస్తుంది. ‘లైపోమాటస్ హైపర్ట్రోఫీ ఆఫ్ ఇంటర్ ఏట్రియల్ సెప్టమ్’ అన్నది ఆ మాట. గుండెలోని పై రెండు గదుల మధ్య ఉన్న గోడ కొవ్వు వల్ల మందంగా ఉందని దాని అర్థం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఇలాంటి రిపోర్టును మొదట చదివేది చాలాసార్లు రోగి కాదు, ఇంట్లో చదువుకున్న కొడుకో మనవరాలో. చదివినవారు ఫోన్‌లో ఒక్కో ముక్కకు అర్థం వెతికి పెద్దవారికి చెప్పేసరికి అది ‘గుండెకి కొవ్వు పట్టేసిందంట’ అనే మాటగా మారుతుంది. విన్నవారికి వెంటనే తోచేది గుండెపోటు. మర్నాటికి విశాఖ ప్రయాణం, అందుకు అప్పు, పనికి నాగా, పెద్దాయనకు తిండి తగ్గించడం వరుసగా జరిగిపోతాయి. ఆ వాక్యం చెప్పే సంగతి మాత్రం అంత కలవరానికి తగినది కాదు. అది దాదాపు ఎప్పుడూ నిరపాయకరమైన మార్పే. దాన్ని గుర్తించడానికి కావలసిన ఆధారమంతా చాలా సందర్భాల్లో అప్పటికే తీసిన స్కాన్‌లోనే ఉంటుంది. ఈ రెండో విషయం తెలియకపోవడం వల్లే ఎక్కువ కష్టం కలుగుతోంది.

ఈ మాట ఇప్పుడు తరచుగా వినిపించడానికి కారణం జబ్బు పెరగడం కాదు, స్కానింగ్ దగ్గరకు రావడం. శ్రీకాకుళంలో రిమ్స్ వైద్య కళాశాల 2008లో మొదలైంది. నెల్లిమర్లలో మిమ్స్ వైద్య కళాశాల అంతకు ముందు నుంచే ఉంది. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైంది. వీటికి తోడు పట్టణాల్లో ప్రైవేటు స్కానింగ్ కేంద్రాలు వచ్చాయి. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ కారణంగా అంతకు ముందెన్నడూ స్కాన్ గది ముఖం చూడనివారు కూడా ఛాతీ సీటీ తీయించుకున్నారు. ఊపిరితిత్తుల కోసం తీసిన ప్రతి ఛాతీ సీటీలోనూ గుండె మధ్యలోనే ఉంటుంది కనుక, దానిలోని చిన్న చిన్న విశేషాలు కూడా చదివేవారి కంట పడతాయి. వేర్వేరు దేశాల్లో జరిగిన పరిశీలనలు ఈ మార్పును నూటికి ఒకరి నుంచి ఎనిమిది మంది వరకు చూశాయి. పరీక్ష ఏది, ఎంత మందాన్ని హద్దుగా పెట్టుకున్నారు, ఎంత వయసువారిని చూశారు అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. ఎలా లెక్కించినా అరుదైన వింత అనదగినది కాదు.

గోడ నిర్మాణం అర్థమైతే మిగిలిన సంగతులు వాటంతటవే విడిపోతాయి కనుక అక్కడ కొంతసేపు ఆగడం మంచిది. గుండెకు నాలుగు గదులు. పై రెండూ కర్ణికలు, కింది రెండూ జఠరికలు. పాఠ్యపుస్తకాల్లో రెండు కర్ణికల మధ్య నిలువుగా ఒక గీత గీసి దాన్ని గోడగా చూపుతారు. పిల్లల పాఠానికి అది చాలు గాని అసలు నిర్మాణం అలా ఉండదు. అన్నదమ్ములు పక్కపక్కనే కట్టుకున్న రెండు ఇళ్లను తలచుకుంటే విషయం సులువుగా తెలుస్తుంది. చాలా మేర ఎవరి గోడ వారిది, రెండు గోడల నడుమ సన్నని సందు, ఏదో ఒక్క చోట మాత్రం కొద్ది మేర ఉమ్మడి గోడ. కర్ణికల నడుమ అలాంటి ఉమ్మడి గోడ ఫోసా ఓవాలిస్ అనే పల్చని గుంట, దాని కింది అంచున ఉండే కొద్దిపాటి కండ మాత్రమే. తల్లి కడుపులో ఉన్న బిడ్డకు ఊపిరితిత్తులు పనిచేయవు కనుక రక్తం కుడి కర్ణిక నుంచి ఎడమ కర్ణికకు దాటిపోయే దారి అక్కడే ఉంటుంది. పుట్టిన తర్వాత ఆ దారి మూసుకుని గుంటగా మిగులుతుంది. ఆ గుంటకు పైనా వెనుకా గోడలాగా కనిపించేదంతా రెండు కర్ణికల గోడలు లోపలికి మడత పడిన చోటు. ఆ మడత లోతట్టు గుండె వెలుపలి ఉపరితలానికి చెందినదే. గుండె వెలుపల ప్రతి మనిషికీ కొంత కొవ్వు ఉంటుంది, ఆ కొవ్వే సందులోకి మట్టి జారినట్టు ఈ మడతలోకి కూడా దిగి ఉంటుంది. శస్త్రవైద్యులు దీన్ని వాటర్‌స్టన్ గాడి అంటారు. ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటం ఆపరేషన్లలో ఈ గాడిని బయటి నుంచి విప్పుకుంటూ వెళ్లి ఎడమ కర్ణికను తెరవడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. కుడి గదిలోకి అడుగు పెట్టకుండానే బయటి నుంచి అలా విప్పగలుగుతున్నారంటే అక్కడున్నది ఒకే గోడ కాదని తేటతెల్లమవుతుంది.

కనుక రిపోర్టులో ‘గోడ మందం’ అని రాసినది ఆ మడతలోని కొవ్వు ఎక్కువ కావడమే. మామూలుగా అక్కడ మందం 10 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. 20 మిల్లీమీటర్లు దాటితే ఈ పేరు పెట్టడం వాడుక. 1964లో జాన్ ప్రయర్ అనే వ్యాధివిజ్ఞాన నిపుణుడు ఈ పేరుతో దీన్ని వైద్య పత్రికలో వర్ణించాడు. అప్పటికి ఇది శవపరీక్షల్లోనే బయటపడే విషయం. బతికున్న మనిషి గుండెలో దీన్ని చూడగలగడం ధ్వని తరంగాలతో గుండెను చూపే ఎకో, ఆ తర్వాత సీటీ వచ్చాకనే సాధ్యమైంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే అక్కడ మామూలు కొవ్వు కణాలతో పాటు, పసిపిల్లల్లో ఎక్కువగా ఉండే గోధుమ రంగు కొవ్వును పోలిన కణాలు కూడా కనిపిస్తాయి. వాటి మధ్య చిక్కుకుపోయిన గుండె కండర కణాలూ ఉంటాయి. చుట్టూ పొర ఏదీ ఉండదు. పొరతో కట్టిన మూటలాగా విడిగా ఉండే కొవ్వు కంతిని లైపోమా అంటారు, ఇది అలాంటిది కాదు. పేరులోని ‘హైపర్ట్రోఫీ’ అనే మాట కణాల పరిమాణం పెరగడాన్ని చెబుతుంది. ఇక్కడ పెరిగేది ప్రధానంగా కణాల సంఖ్య. ‘సెప్టమ్’ అనే మాట ఉమ్మడి గోడను చెబుతుంది, ఇక్కడ కొవ్వు చేరేది ఉమ్మడి గోడ కాని చోట. అరవై ఏళ్లుగా వాడుకలో పాతుకుపోయిన పేరును ఇప్పుడు మార్చడం కష్టమే గాని, రెండు కొసలా సరిపడని ఆ పేరు రోగుల ఇళ్లలో కలిగించే భయాన్ని చూస్తే ఆ పేరు పట్ల అసంతృప్తి కలగక మానదు.

ఉమ్మడి గోడకు కొవ్వు అంటదు అన్న సంగతే ఈ మార్పుకు ప్రధానమైన గుర్తు. పల్చని ఫోసా ఓవాలిస్ పల్చగానే మిగిలిపోతుంది, దానికి ముందూ వెనుకా ఉన్న మడతలు ఉబ్బుతాయి. అడ్డంగా కోసిన ముక్కలా చూపించే సీటీ చిత్రంలో ఆ ఆకారం నడుము సన్నగా, రెండు వైపులా ఉబ్బెత్తుగా, అచ్చం శివుడి చేతిలోని ఢమరుకంలా కనిపిస్తుంది. ఈ ఆకారం, ఈ చోటు, కొవ్వు సాంద్రత మూడూ కలిస్తే మరో పరీక్ష అవసరం సాధారణంగా ఉండదు. కర్ణికలో పుట్టే కంతుల్లో ఎక్కువగా కనిపించే మిక్సోమా సరిగ్గా దీనికి తిరగబడిన లక్షణంతో ఉంటుంది. అది చాలాసార్లు ఫోసా ఓవాలిస్ దగ్గరే, ఎడమ కర్ణిక వైపు కాడతో అతుక్కుని, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఊగుతూ ఉంటుంది. కొవ్వు మందం ఏ చోటును వదిలేస్తుందో ఆ చోటునే మిక్సోమా పట్టుకుంటుంది కనుక, ఎకో చేసేవారు ముందుగా ఆ గుంట ఎలా ఉందో చూస్తే సగం సందేహం తీరిపోతుంది.

ఇది ఎవరికి వస్తుందంటే, వయసు పైబడినవారిలో, బరువు ఎక్కువగా ఉన్నవారిలో తరచుగా కనిపిస్తుంది. దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడినవారిలోనూ చూశారు. గుండె చుట్టూ కొవ్వు ఎక్కువ ఉన్నవారికి ఇక్కడా ఎక్కువ ఉండటం సహజమే. అయితే సన్నగా ఉన్న వృద్ధుల్లో కూడా ఇది కనిపిస్తుంది. అందువల్ల రిపోర్టు చూసి ‘నెయ్యి తిన్నందుకే’, ‘మాంసం మానలేదు గనుకే’ అని ఇంట్లో పెద్దవారిని తప్పు పట్టడం న్యాయం కాదు. డెబ్బై దాటి, అసలే ఒళ్లు తగ్గి, రోజుకు రెండు పూటలే తినే మనిషికి గుండెలో కొవ్వు ఉందని చెప్పి పాలు, గుడ్డు మాన్పించడం మేలుకు బదులు హాని చేస్తుంది. బరువు ఎక్కువ ఉన్నవారు తగ్గించుకోవడం షుగరుకూ, రక్తపోటుకూ, మోకాళ్లకూ మంచిదే. ఆ సలహాకు ఆ కారణాలు చాలు, ఈ వాక్యాన్ని భయపెట్టే సాధనంగా వాడవలసిన పని లేదు.

‘గుండెకి కొవ్వు’ అనే ఒకే మాట కింద మన వాడుకలో వేర్వేరు సంగతులు కలిసిపోవడం గందరగోళానికి మూలం. గుండె కండకు రక్తం తీసుకెళ్లే ధమనుల లోపలి పొరలో కొలెస్ట్రాల్ చేరి పూడిక కట్టడం ఒకటి. గుండెపోటుకు దారి తీసేది ఇదే, ‘బ్లాకులు’ అని అందరూ అనేదీ దీన్నే. కర్ణికల నడుమ కొవ్వు ధమనుల లోపల ఉండదు, రక్తప్రవాహానికి అడ్డుపడే పూడికగా మారదు, అక్కడి నుంచి ముక్క ఊడి మెదడుకు పోదు. ఆంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవని తేలినవారికి కూడా ఈ మందం ఉండవచ్చు, బ్లాకులు ఉన్నవారికి ఇది లేకపోవచ్చు. కొలెస్ట్రాల్ మాత్రలు మొదలుపెట్టడానికి గాని మానడానికి గాని ఇది కారణం కాదు. మరొకటి, పాత గుండెపోటులో చచ్చిపోయిన జఠరిక కండ స్థానంలో ఏళ్లు గడిచాక కొవ్వు చేరడం. అది ఎడమ జఠరిక లోపలి పొర వెంబడి సన్నని నల్లని చారగా సీటీలో కనిపిస్తుంది. ఎప్పుడో తెలియకుండా వచ్చిపోయిన గుండెపోటుకు అది ఆనవాలు కావచ్చు గనుక దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కుడి జఠరిక కండలో కొవ్వు చేరి లయ తప్పే ఒక వంశపారంపర్య వ్యాధి కూడా ఉంది. ఇవన్నీ కొవ్వుకు సంబంధించినవే, కానీ చోటు వేరు, అర్థం వేరు. రిపోర్టు చదివేటప్పుడు ‘కొవ్వు’ అన్న మాట కన్నా ముందు ‘ఎక్కడ’ అన్న మాటను వెతకాలి.

సీటీ ఈ విషయంలో ఎందుకంత నమ్మదగినదో తెలియాలంటే దాని కొలమానం తెలియాలి. సీటీ యంత్రం శరీరంలోని ప్రతి బిందువుకు ఒక సంఖ్య ఇస్తుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000. ఆ కొలమానం మీద కండ, రక్తం దాదాపు 30 నుంచి 60 మధ్య ఉంటాయి, కొవ్వు మైనస్ 50 నుంచి మైనస్ 120 వరకు ఉంటుంది. అంటే రక్తాన్ని చిత్రంలో తెల్లగా చూపడానికి సిరలోకి ఇచ్చే కాంట్రాస్ట్ మందు ఎక్కించని సాదా సీటీలో గుండె గదులూ గోడలూ ఒకే బూడిద రంగులో కలిసిపోయినా, కొవ్వు మాత్రం నల్లగా విడిపోయి కనిపిస్తుంది. ఇతర కంతుల విషయంలో కాంట్రాస్ట్ లేని సీటీ పెద్దగా పనికిరాకపోవచ్చు గాని ఇక్కడ అదే చాలాసార్లు సరిపోతుంది. అనుమానం ఉన్న చోట కంప్యూటర్ మీద ఒక చిన్న వలయం గీస్తే సంఖ్య తెలిసిపోతుంది. గుండె కదలిక వల్ల అంచులు కొంత చెదిరినా 20 మిల్లీమీటర్లకు పైబడిన మందం నడిబొడ్డున సంఖ్య చెదరదు. ఊపిరితిత్తుల కోసం తీసిన పాత సీటీలో సైతం ఈ కొలత తీయవచ్చు.

శ్రీకాకుళం జిల్లాకు ఈ సంగతి మరింత ముఖ్యమైనది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలతో కూడిన ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. షుగరు, రక్తపోటు లేనివారికి కూడా వచ్చే ఆ వ్యాధికి ఒక్క కారణం అంటూ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. కిడ్నీల వడపోత సామర్థ్యం బాగా పడిపోయినవారికి, ముఖ్యంగా నిమిషానికి 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గినవారికి, సీటీలో వాడే అయోడిన్ కాంట్రాస్ట్ విషయంలో జాగ్రత్త తప్పనిసరి. ఎంఆర్ఐలో వాడే గాడోలినియం మందుల్లో పాత రకాలు ఇలాంటివారిలో చర్మాన్నీ లోపలి కణజాలాన్నీ బిగదీసే తీవ్రమైన జబ్బు తెచ్చిన చరిత్ర ఉంది. కొత్త రకాల్లో ఆ ముప్పు చాలా తక్కువ. ఉద్దానం నుంచి వచ్చిన రోగికి ఎకోలో కర్ణికల నడుమ మందం కనిపించి, ‘కంతి అయి ఉండవచ్చు, కాంట్రాస్ట్ సీటీ చేయించండి’ అని రాసి పంపే ముందు, సాదా సీటీతోనే తేలుతుందేమో అని ఒక్క క్షణం ఆలోచించడం ఆ మనిషి మిగిలిన కిడ్నీ శక్తిని కాపాడుతుంది. ఎంఆర్ఐ అయినా అంతే. కొవ్వు ఒక రకం చిత్రంలో తెల్లగా మెరుస్తుంది, కొవ్వు సంకేతాన్ని అణచి తీసిన చిత్రంలో నల్లబడుతుంది. ఈ రెండు చిత్రాలకూ ఇంజెక్షన్ అక్కరలేదు.

ఎకోకు తన పరిమితులున్నాయి. ఛాతీ మీద నుంచి చేసే మామూలు ఎకోలో కర్ణికల వెనుక భాగం యంత్రానికి దూరంగా ఉంటుంది. లావుగా ఉన్నవారిలోనూ, ఏళ్ల తరబడి చుట్ట, బీడీ తాగి ఊపిరితిత్తులు ఉబ్బిపోయినవారిలోనూ చిత్రం మసకగా వస్తుంది. ఈ ప్రాంతంలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉన్న పెద్దవయసు ఆడవారి ఛాతీ ఎకో తేటగా రాకపోవచ్చు. మసక చిత్రంలో తెల్లగా కనిపించిన మందాన్ని ‘మాస్’ (ముద్ద) అని రాయడం ఎకో చేసినవారి తప్పు కాదు. చూసినంత వరకు రాయడం వారి బాధ్యత. గొంతులోంచి గొట్టం దించి చేసే ఎకోలో గుంట, మడత, ఢమరుకం ఆకారం స్పష్టంగా తెలుస్తాయి గాని, సీటీ అప్పటికే ఉన్నవారికి అంత శ్రమ ఎందుకు పెట్టాలన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

క్యాన్సర్ రోగుల విషయంలో పొరపాటు ఖరీదు ఇంకా ఎక్కువ. ఈ జిల్లాల నుంచి క్యాన్సర్ చికిత్సకు చాలామంది విశాఖపట్నం వెళ్తారు. అక్కడ వ్యాధి ఎంతవరకు పాకిందో చూడటానికి పెట్ సీటీ తీయవలసి వస్తుంది. రేడియోధార్మికత జోడించిన గ్లూకోజును ఎక్కించి, శరీరంలో ఏ భాగం దాన్ని ఎక్కువగా పీలుస్తోందో చూసే పరీక్ష ఇది. క్యాన్సర్ కణాలు గ్లూకోజును ఎక్కువగా పీలుస్తాయి కనుక ఆ చోటు మెరుస్తుంది. గోధుమ రంగు కొవ్వు కూడా వేడి పుట్టించే పనిలో గ్లూకోజును పీలుస్తుంది. కర్ణికల నడుమ కొవ్వులో అలాంటి కణాలు ఉంటాయి గనుక కొందరిలో ఆ చోటు కూడా మెరుస్తుంది. ఆ మెరుపును ఒంటరిగా చూస్తే క్యాన్సర్ గుండెకు పాకిందనిపిస్తుంది. అలా అనిపిస్తే దశ మారుతుంది, చికిత్స మారుతుంది, నయం చేయగల ఆపరేషన్ వద్దనుకునే ప్రమాదం కూడా ఉంది. పెట్‌తో పాటే తీసే సీటీలో అదే చోట మైనస్ సంఖ్య, అదే ఢమరుకం ఆకారం కనిపిస్తే మెరుపు ఎక్కడిదో తెలిసిపోతుంది. చలి గోధుమ కొవ్వును రెచ్చగొడుతుంది కనుక, ఏసీ గదిలో మందు ఎక్కించాక గంటసేపు కూర్చోబెట్టేటప్పుడు పెద్దవారికి ఒక దుప్పటి కప్పడం మంచి అలవాటు. అది వారి సౌకర్యానికీ మంచిదే, చిత్రానికీ మంచిదే.

అన్నీ ఇంత తేలిగ్గా తేలతాయని చెప్పడం కూడా సరి కాదు. గుంట కూడా మందంగా ఉంటే, కొవ్వు సంఖ్యల మధ్య కండలాంటి గట్టి ముద్దలు ఉంటే, కాంట్రాస్ట్ ఇచ్చినప్పుడు ఆ ముద్దలు వెలిగితే, మందం కొద్ది నెలల్లో పెరుగుతూ పోతే, గుండె చుట్టూ నీరు చేరితే నిపుణులు వేరే అవకాశాలను చూడాలి. కొవ్వు కణజాలంలో పుట్టే క్యాన్సర్ లైపోసార్కోమా గుండెలో చాలా అరుదు గాని అసలు లేనిది కాదు. అమైలాయిడ్ అనే ప్రొటీన్ గుండె గోడల్లో పేరుకునే వ్యాధిలోనూ కర్ణికల గోడ మందమవుతుంది. కానీ అందులో కవాటాలు, జఠరికల గోడలు కూడా మందమవుతాయి, సంఖ్యలు కొవ్వువి కావు. ఇలాంటి సందేహాలు మిగిలినప్పుడు విశాఖకు పంపడం తప్పదు. అంతవరకు వచ్చే కేసులు కొద్దిమందివే.

నిరపాయకరం అన్న మాటకు కూడా హద్దులున్నాయి. మందం బాగా ఎక్కువైనవారిలో కర్ణికల లయ తప్పడం, అదనపు స్పందనలు రావడం చూశారు. కొవ్వు కండరపు పోగుల మధ్య దూరి విద్యుత్తు ప్రయాణానికి అడ్డుపడుతుందన్నది దానికి ఇచ్చే వివరణ. అయితే లయ తప్పడం ముసలితనంలో వేరే కారణాల వల్ల కూడా తరచుగా జరిగేదే కనుక, రెండూ ఒకే మనిషిలో కనిపించాయని ఒకదాన్ని మరొకదానికి కారణం చేయకూడదు. తల, చేతుల నుంచి రక్తాన్ని తెచ్చే పెద్ద సిరను పై మహాసిర అంటారు; చాలా అరుదుగా అది గుండెలో కలిసే చోటును ఈ కొవ్వు ఒత్తి, ముఖమూ మెడా ఉబ్బేలా చేస్తుంది. ఆపరేషన్ చేసి కొవ్వు తీయవలసి వచ్చేది అలాంటి సందర్భాల్లోనే. ఇంతకన్నా తరచుగా జరిగే పొరపాటు మరొకటి ఉంది. ఆయాసంతో వచ్చిన మనిషికి ఈ వాక్యం కనిపించగానే ‘అదిగో కారణం’ అనుకుని మిగిలిన వెతుకులాట ఆపేయడం. మామూలు మందం ఆయాసం తేదు, ఛాతీ నొప్పి తేదు, కాళ్ల వాపు తేదు. ఆ లక్షణాలకు రక్తహీనతో, కవాటం జబ్బో, గుండె బలహీనతో, ఊపిరితిత్తుల సమస్యో, కిడ్నీ సమస్యో ఉండే ఉంటుంది, దాన్ని వెతకాలి.

ఇది నిజంగా అక్కరకు వచ్చే సమాచారం అయ్యే సందర్భం కూడా ఒకటుంది. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ముడుచుకుపోయినవారికి బెలూన్‌తో కవాటం తెరిచే చికిత్సలో, తొడ దగ్గరి సిర నుంచి పంపిన సూదితో కర్ణికల నడుమ గోడను గుచ్చి ఎడమ కర్ణికలోకి వెళ్తారు. లయ తప్పినవారికి, లయ తప్పించే కణజాలాన్ని కాల్చి పనిచేయకుండా చేసే అబ్లేషన్‌లోనూ చాలాసార్లు అదే దారి. గుచ్చవలసింది ఫోసా ఓవాలిస్ అనే పల్చని గుంటను, అది మాత్రమే నిజమైన ఉమ్మడి గోడ. ముందు చెప్పిన ఇళ్ల ఉపమానంలో సందు ఉన్న చోట గోడకు కన్నం వేస్తే పక్కింట్లోకి కాక వీధిలోకి తేలినట్టు, మడత ఉన్న చోట గుచ్చితే సూది కొవ్వులోంచి గుండె బయటికి పోతుంది, గుండె చుట్టూ రక్తం చేరి ప్రాణం మీదికి వస్తుంది. మందం ఎక్కువగా ఉన్నవారిలో ఉబ్బిన అంచుల మధ్య గుంట చిన్నదై సూది జారిపోతూ ఉంటుంది. అలాంటివారికి గొంతులోంచి చేసే ఎకో సాయంతో గుచ్చడం క్షేమం. అందుచేత నిరపాయకరమే కదా అని రిపోర్టులో అసలు రాయకుండా వదిలేయడం కూడా సరైన పని కాదు.

రాయాలి, అయితే చదివేవారికి అర్థమయ్యేలా రాయాలి. కొలత ఎంత, గుంట పల్చగానే ఉందా, సంఖ్య కొవ్వుదేనా, పై మహాసిర తెరిచే ఉందా అన్న నాలుగు సంగతుల తర్వాత, ‘ఇది కంతి కాదు, దీనికి విడిగా చికిత్స గాని మళ్లీ స్కాన్ గాని అవసరం లేదు’ అని ఒక వాక్యం చేరిస్తే, ఇచ్ఛాపురం నుంచి వచ్చిన కుటుంబం ఆ కాగితం పట్టుకుని ఇంకో రెండు వందల కిలోమీటర్లు తిరగనక్కరలేదు. రోగికి చెప్పేటప్పుడు ‘గుండెకు కొవ్వు పట్టింది’ అనే మాట వాడకుండా ‘గుండె పై గదుల మధ్య మడతలో కొవ్వు కాస్త ఎక్కువుంది, రక్తనాళాల్లో కాదు’ అంటే ఎంతో భయం తగ్గుతుంది. అప్పటికీ ‘ఇది పెరుగుతుందేటి బావూ?’ అన్న ప్రశ్న మిగులుతుంది. జవాబు కోసం ఆరు నెలలు ఆగి మళ్లీ స్కాన్ తీయించే ముందు బీరువాలో వెతకమని చెప్పవచ్చు. 2021లో కోవిడ్ సమయంలో తీసిన ఛాతీ సీటీ ఫిల్మో, సీడీయో చాలా ఇళ్లలో ఇంకా ఉంది. దాన్ని తెచ్చి కొత్త స్కాన్ పక్కన పెడితే, అదే చోట, అదే ఆకారంలో, దాదాపు అదే మందంతో ఆ కొవ్వు అప్పుడూ ఉన్నదీ లేనిదీ అక్కడికక్కడే తెలిసిపోతుంది.